మా అత్త సూర్యకాంతం... మా బావ గిరీశం!

ఏ కాలేజీ క్యాంటీనులోనైనా, ఏ బస్టాండు బెంచీ మీదనైనా ఓ పది నిమిషాలు కూర్చుని చెవులు అప్పగించండి. ఇలాంటి మాటలు వినిపించకపోతే నన్నడగండి!

"వాడా? వాడో గిరీశం! వాడి కబుర్లు నమ్మి రూపాయి ఇచ్చావో, అంతే సంగతులు."

"ఏమిట్రా ఆ గడ్డం, ఆ వాలకం... దేవదాసులాగా!"

"అంతా సెటిలయిపోయిందే... మధ్యలో శకునిలా ఆ మావయ్య దూరాడు."

"మా అక్క వాళ్ళ అత్తగారుంది చూశావూ, సాక్షాత్తూ సూర్యకాంతమే!"

విన్నవాళ్ళెవరూ "ఎవరా గిరీశం? ఏ వూరు వాళ్ళది?" అని అడగరు. "సూర్యకాంతం అంటే ఏ సూర్యకాంతం?" అని ఆరా తీయరు. మాట అన్నవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. ఒకప్పుడు ఒక మనిషికో, ఒక పాత్రకో ఉన్న పేరు ఇవాళ తెలుగువాడి నోట్లో మామూలు మాటైపోయింది.

పేరు ఎప్పుడు మాట అవుతుందో కనిపెట్టడానికి ఓ చిట్కా ఉంది. దానికి బహువచనం పెట్టి చూడండి. మామూలు పేరుకి బహువచనం అతకదు. కానీ "ఊరినిండా గిరీశాలే", "ప్రేమలో ఓడిన దేవదాసులు", "ఇంటికో సూర్యకాంతం" అంటే ఎంత చక్కగా అతుకుతుందో చూడండి! బహువచనం పట్టిందంటే ఆ పేరు ఇక ఆ మనిషిది కాదు, మనందరిదీ అన్నమాట.

బాగానే ఉంది. మరి పేరు మనదైపోయాక ఆ మనిషి ఏమవుతాడు? అతనిలో మనం తీసుకున్నదెంత, పారేసిందెంత? వెండితెర మీది కొన్ని పేర్లను పట్టుకుని ఆ సంగతి చూద్దాం రండి.

ఒక్క సినిమా... మూడు పేర్లు

1963లో రాజ్యం పిక్చర్స్ వారి "నర్తనశాల" విడుదలైంది. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు. భారతంలోని విరాటపర్వం కథ. ఈ ఒక్క చిత్రంలోనే మన రోజువారీ మాటల్లో తిరిగే పేర్లు మూడు కనిపిస్తాయి. కీచకుడు, ఉత్తరకుమారుడు, బృహన్నల!

కీచకుడుగా ఎస్.వి.రంగారావు. ఆ నడక, ఆ మత్తు కళ్ళు, ద్రౌపదిని చూసే ఆ చూపు... చూస్తుంటేనే ఒళ్ళు జలదరించేది. ఈ పాత్రకే 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. భారతం ప్రకారం కీచకుడు మహా బలశాలి. విరాటరాజుకి బావమరిది, సేనాపతి. మత్స్యదేశం వైపు కన్నెత్తి చూడాలంటే శత్రువులు జంకింది వాడికే. కానీ మన మాటలో ఆ శౌర్యం ఏమీ మిగల్లేదు. ఆడదాని మీద చెయ్యి వేయబోయినవాడు కీచకుడు, అంతే! నేటికీ పత్రికలవాళ్ళు అలాంటి ప్రబుద్ధుల గురించి రాయాల్సి వస్తే మొదట వాడే మాట ఇదే. ఈ విషయంలో మాత్రం తెలుగు భాష చేసిన పని బాగుందనే అనాలి. నువ్వు ఎంత పెద్ద అధికారివైనా, ఎంత బలవంతుడివైనా నీ పేరు పక్కన నిలిచేది నువ్వు ఆ ఆడదానికి చేసిన అన్యాయమే అని ఆ ఒక్క మాట చెబుతుంది.

ఇక ఉత్తరకుమారుడు. ఈ పాత్ర వేసింది రేలంగి. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు "భీష్ముడెంత, ద్రోణుడెంత" అన్నట్టు కోతలు కోసి, తీరా కౌరవసేన కంటపడగానే రథం దిగి పరుగు లంకించుకున్న వీరుడు! రేలంగి ఆ పరుగు పరుగెడుతుంటే హాలంతా గొల్లుమనేది. ఎలక్షన్ల సభల్లో ఎదుటి పార్టీవాణ్ణి వెక్కిరించడానికి "ఉత్తరకుమార ప్రగల్భాలు" అన్నది ఇప్పటికీ చేతికందే మాటే.

కానీ ఆ ఉత్తరుడు ఆ తర్వాత ఏమయ్యాడో ఎంతమందికి గుర్తు? కురుక్షేత్ర యుద్ధం మొదటిరోజునే పాండవుల పక్షాన ఏనుగునెక్కి శల్యుడంతటి వాడిని ఎదుర్కొన్నాడు. వెనక్కి తిరగలేదు. శల్యుడి చేతిలో అక్కడే ప్రాణం వదిలాడు. ఒకనాడు భయపడి పారిపోయిన కుర్రాడు, ఇంకోనాడు నిలబడి పోరాడి చనిపోయాడు. మన మాటకి ఆ మొదటి రోజొక్కటే కావాల్సివచ్చింది. రెండో రోజు అక్కర్లేకపోయింది.

బృహన్నల సంగతీ అంతే. కాస్త సుకుమారంగా నడిచే కుర్రాడు కనిపిస్తే చాలు, వెనకనుంచి ఎవడో ఒకడు ఈ పేరుతో వెక్కిరిస్తాడు. అవతలివాడు తలదించుకుంటాడు. ఆ వెక్కిరించేవాడికి తెలియని సంగతి ఒకటుంది. పారిపోతున్న ఉత్తరుణ్ణి పట్టి తెచ్చి, ధైర్యం చెప్పి, రథం తోలించి, మొత్తం కౌరవసేనను ఒంటిచేత్తో ఓడించింది ఆ బృహన్నలే! మాస్ హీరోగా శిఖరం మీదున్న రోజుల్లో ఎన్.టి.రామారావు ఆ వేషం కట్టి, ఏ మాత్రం వెకిలితనం లేకుండా ఎంత హుందాగా చేశారో "నర్తనశాల" చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇకముందు ఎవరైనా మిమ్మల్ని ఆ పేరుతో పిలిస్తే తలదించుకోకండి. "థాంక్స్ బ్రదర్, అర్జునుడితో పోల్చినందుకు" అనండి!

ఒకే సంస్థ... ఇద్దరు హీరోలు

పురాణాలు సరే. మామూలు మనుషుల కథల్లోంచి వచ్చిన పేర్లలో అగ్రస్థానం రెండింటిది. విచిత్రమేమంటే ఆ రెండు సినిమాలూ తీసింది ఒక్కరే! వినోదా పిక్చర్స్ డి.ఎల్.నారాయణ. 1953లో అక్కినేనితో "దేవదాసు", 1955లో ఎన్టీఆర్‌తో "కన్యాశుల్కం".

శరత్ బాబు రాసిన "దేవదాస్" బెంగాలీలో 1917లో అచ్చయింది. వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో తెలుగు దేవదాసు వచ్చేనాటికి అక్కినేని నాగేశ్వరరావుకి "బాలరాజు", "కీలుగుర్రం" లాంటి జానపదాల పేరే ఎక్కువ. కత్తి పట్టిన చేతికి సీసా ఇచ్చారు! నిద్రమత్తుతో బరువెక్కిన కళ్ళు కనిపించడం కోసం చాలా సన్నివేశాలు రాత్రిపూటే చిత్రీకరించారని చెప్పుకుంటారు. సినిమా విడుదలయ్యాక ప్రేమలో ఓడిన ప్రతి తెలుగు కుర్రాడూ దేవదాసే. 1974లో కృష్ణ హీరోగా విజయనిర్మల "దేవదాసు" తీశారు. 1978లో దాసరి "దేవదాసు మళ్ళీ పుట్టాడు" తీశారు. 2006లో రామ్ మొదటి సినిమాకి కూడా పేరు "దేవదాసు"! పేరులో అంత పట్టు ఉంది మరి.

అయితే ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. దేవదాసు అనగానే మనకేమనిపిస్తుంది? జాలి. "పాపం" అనిపిస్తుంది. కానీ శరత్ నవలలో దేవదాసు చేసిందేమిటి? అర్ధరాత్రి లోకాన్ని లెక్కచేయకుండా తన గదికి వచ్చిన పార్వతిని చేపట్టే ధైర్యం లేకపోయింది. తండ్రికి ఎదురు చెప్పలేకపోయాడు. పైగా తర్వాత కోపంలో చేతిలోని గాలపు కర్రతో ఆ పిల్ల నుదుటి మీద కొట్టి మచ్చ మిగిల్చాడు. అన్నిటికీ తెగించింది పార్వతి, తడబడింది దేవదాసు. కానీ జాలి అతనికి దక్కింది. పార్వతి నుదుటి మచ్చను మన మాట మరిచేపోయింది!

గిరీశం తీరు వేరు. గురజాడ అప్పారావు గారి "కన్యాశుల్కం" 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో బాగా పెంచి, మార్చి మళ్ళీ అచ్చు వేశారు. పూటకూళ్ళమ్మ సొమ్ము వాడుకుని, చుట్ట కాలుస్తూ, ఇంగ్లీషు ముక్కలు దంచుతూ, శిష్యుడు వెంకటేశానికి చదువు బదులు చుట్ట కాల్చడం నేర్పిన గిరీశం... తెలుగు సాహిత్యంలో అంతటి మాటకారి మరొకడు లేడు. "పాతాళభైరవి" తోటరాముడుగా జనం గుండెల్లో ఉన్న రామారావు, నాలుగేళ్ళు తిరక్కుండానే ఈ టక్కరి వేషం వేయడానికి ఒప్పుకున్నారంటే ఎంత గుండె కావాలి! దర్శకుడు పి.పుల్లయ్య. మధురవాణిగా సావిత్రి.

గిరీశంలోని గమ్మత్తేమంటే వాడు చెప్పే మాటల్లో చాలావరకు మంచి మాటలే. వితంతువులకి పెళ్ళిళ్ళు చేయాలంటాడు, సంఘం మారాలంటాడు. మాట నిజం, మనిషి అబద్ధం! అందుకే ఆ పేరు నూరేళ్ళు దాటినా పాతబడలేదు. స్టేజి మీద నీతులు చెప్పి, స్టేజి దిగాక ఇంకోటి చేసేవాళ్ళు ఉన్నంతకాలం గిరీశానికి ఢోకా లేదు.

ఇక్కడే ఓ చిన్న ప్రశ్న. అదే కథలో గిరీశాన్నీ, రామప్పంతులునూ, లుబ్ధావధానులునూ అందరినీ తన వేలి మీద ఆడించి, చివరికి న్యాయం జరిగేట్టు చూసిన మధురవాణి ఉంది కదా? ఆ కథలో అందరికన్నా తెలివైనది ఆవిడే. కానీ తెలివీ, మనసూ రెండూ ఉన్న ఆడదాన్ని "అచ్చం మధురవాణిరా" అని మెచ్చుకోగా మీరు విన్నారా? టక్కరివాడి పేరు మాటైంది. మంచిదాని పేరు పుస్తకంలోనే ఉండిపోయింది. గుర్తుపెట్టుకోండి, ఈ సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

శకుని నవ్వు వెనక

1957లో "మాయాబజార్"లో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు శకుని వేశారు. తీయగా నవ్వుతూ, తియ్యగా మాట్లాడుతూ గోతులు తీసే మేనమామ! ఆ నవ్వు చూసే "మావా" అన్న పిలుపుకే ఓ అనుమానం అంటుకుంది. 1966లో వచ్చిన "శ్రీకృష్ణపాండవీయం"లో ధూళిపాళ సీతారామశాస్త్రి శకునిగా వచ్చాక ఆ పాత్ర ఆయన సొంత ఆస్తి అయిపోయింది. 1977 నాటి "దానవీరశూరకర్ణ"లోనూ ఆయనే.

"శ్రీకృష్ణపాండవీయం" తీసింది, దర్శకత్వం వహించింది రామారావే. ఆ చిత్రంలో వ్యాసభారతంలో లేని ఒక జనశ్రుతి కథని చేర్చారు. గాంధార రాజుని, కొడుకుల్ని దుర్యోధనుడు చెరసాలలో పెట్టి తిండి లేకుండా చంపితే, మిగిలినవాడు శకుని ఒక్కడే. తండ్రి ఎముకలతో చేసిన పాచికలు పట్టుకుని, కౌరవుల పక్కనే ఉంటూ, కౌరవ వంశాన్నే నాశనం చేయాలని పగ పట్టాడు. అంటే ఆ నవ్వు వెనక ఆకలితో చచ్చిన తండ్రి ఉన్నాడు, అన్నదమ్ములు ఉన్నారు!

ఆ సినిమా చూసి బయటికొస్తున్నప్పుడు శకుని మీద కాస్తయినా జాలి కలగనివాళ్ళు తక్కువ. అలాగని మన మాట మారిందా? మారలేదు. ఇంట్లో చిచ్చుపెట్టేవాడు నేటికీ శకునే. సినిమా ఒక మనిషి కథ చెప్పడానికి రెండున్నర గంటలు తీసుకుంటుంది. మాటకి అంత టైము లేదు. దానికి ఒక్క లక్షణం చాలు.

ఎలా అతుక్కుంటాయి?

వేల సినిమాలు వచ్చాయి, వేల పాత్రలు వచ్చాయి. మరి కొన్ని పేర్లే ఎందుకు అతుక్కున్నాయి?

మొదటిది, అనుకరించడానికి ఓ గుర్తు ఉండాలి. ధూళిపాళ నవ్వు, దేవదాసు మత్తు కళ్ళు, సూర్యకాంతం ఎడమచెయ్యి... క్లాసులో ఎవడైనా రెండు సెకన్లలో చేసి చూపించగలిగితేనే ఆ పాత్ర హాలు దాటి వీధిలోకి వస్తుంది.

రెండోది, మళ్ళీ మళ్ళీ వినపడాలి. పాత సినిమాలు పదేపదే రిలీజయ్యేవి. ఆకాశవాణి వారు సంక్షిప్త శబ్దచిత్రాలు వేస్తే, రేడియో చుట్టూ ఇల్లిల్లంతా చేరేది. "దానవీరశూరకర్ణ" మాటలు పందిళ్ళలో మైకు పెట్టి వినిపించేవారు. సినిమా చూడనివాడికి కూడా మాట చేరిపోయేది. ఇప్పుడు ఆ పని సెల్‌ఫోన్లు చేస్తున్నాయి. ఒకప్పుడు ఒక పేరు మాట కావడానికి పదేళ్ళు పడితే, ఇప్పుడు పది రోజులు చాలు.

మూడోది, పేరులోనే కాస్త కలిసిరావాలి. దీనికి పెద్ద సాక్షి అప్పారావు! ముళ్ళపూడి వెంకటరమణ "ఋణానందలహరి"లో చేబదుళ్ళ వీరుడు అప్పారావుని సృష్టించారు. పేరులోనే అప్పు ఉంది కనుక వదల్లేదు. తర్వాత ఇ.వి.వి.సత్యనారాయణ, రాజేంద్రప్రసాద్ కలిసి "అప్పుల అప్పారావు" తీశాక ఇక తిరుగు లేకపోయింది. గిరీశానికి ప్రాణం పోసిన గురజాడ వారి పేరు కూడా అప్పారావే కదా, పాపం ఆయన చేసిన నేరమేమిటి అని అడక్కండి. మాటకి కనికరం లేదు!

కొత్త సీసా... పాత మందు

ఇదంతా పాత తరం గొడవ అనుకుంటున్నారా? అయితే మీ తరం పేర్లే చూడండి.

చంద్రముఖి! 1953 దేవదాసులో ఈ పేరు లలితది. దేవదాసు మీద ప్రేమతో తన వృత్తినే వదిలేసిన మనిషి. మీ అమ్మమ్మనడిగితే చంద్రముఖి అంటే త్యాగం అంటుంది. మిమ్మల్నడిగితే? కోపంతో కళ్ళు పెద్దవి చేసిన అక్కయ్య గుర్తొస్తుంది! 2005లో పి.వాసు దర్శకత్వంలో రజనీకాంత్, జ్యోతికల సినిమా వచ్చాక ఒక్క దెబ్బకి ఆ పేరు అర్థమే మారిపోయింది. "ఈరోజు మేడమ్ చంద్రముఖి అయిపోయింది, క్లాసుకి వెళ్ళకు" అంటున్నారు. ఆ సినిమాలోని చంద్రముఖికి జరిగిందేమిటి? ఆమె ప్రేమించినవాణ్ణి రాజు చంపించాడు, ఆమెను నిలువునా తగలబెట్టించాడు. మనకి ఆ మంట గుర్తులేదు, ఆ కళ్ళే గుర్తున్నాయి.

కట్టప్ప! 2015లో "బాహుబలి" చివర్లో కత్తి దిగింది. 2017లో రెండో భాగం వచ్చేదాకా దేశమంతా ఒకటే ప్రశ్న. ఆ రెండేళ్ళలో "కట్టప్ప" అంటే వెన్నుపోటు పొడిచే స్నేహితుడని అర్థం స్థిరపడిపోయింది. రెండో భాగంలో జవాబు దొరికింది. రాజమాత ఆజ్ఞకి, సింహాసనానికి ఇచ్చిన మాటకి కట్టుబడి, కన్నకొడుకులా పెంచుకున్నవాణ్ణి ఏడుస్తూ చంపాడని తెలిసింది. తెలిసినా ఏం లాభం? పరీక్షలో జవాబు చూపించని స్నేహితుడు కూడా కట్టప్పే!

అర్జున్ రెడ్డి! 2017లో వచ్చాడు. గడ్డం, సీసా, విఫల ప్రేమ... చూడగానే మా తరంవాళ్ళు "వీడు మోటారు సైకిలెక్కిన దేవదాసు" అన్నారు. ఆ సినిమా మీద పెద్ద చర్చే జరిగింది. ప్రేమించిన అమ్మాయి మీద చెయ్యి చేసుకోవడం ప్రేమేనా అని చాలామంది అడిగారు. మంచి పని చేశారు. అరవై నాలుగేళ్ళ క్రితం దేవదాసు చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళలో పార్వతి నుదుటి మచ్చ గురించి అడిగినవాళ్ళు ఎందరున్నారు గనుక!

అసలు మనిషి పేరు

ఇంతవరకు చెప్పుకున్నవన్నీ పాత్రలు. కీచకుడికి నొప్పి లేదు, గిరీశానికి పరువు లేదు. మనం ఏ పేరు పెట్టి పిలిచినా వాళ్ళకి పోయేదేమీ లేదు. కానీ ఈ జాబితాలో ఒకే ఒక్క పేరు రక్తమాంసాలున్న మనిషిది.

సూర్యకాంతం.

గమనించండి! గయ్యాళి అత్తని మనం "గుండమ్మ" అనడం కన్నా "సూర్యకాంతం" అనడమే ఎక్కువ. పాత్ర పేరు పక్కకి తప్పుకుంది, నటి పేరు మాటగా నిలబడింది. శకునిని "ధూళిపాళ" అనలేదు, దేవదాసుని "నాగేశ్వరరావు" అనలేదు. ఒక్క సూర్యకాంతం విషయంలోనే మనం వేషాన్ని వదిలేసి మనిషిని పట్టుకున్నాం.

ఆవిడ 1924 అక్టోబరు 28న కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో పుట్టారు. 1946లో "నారద నారది"తో తెరమీదికొచ్చారు. హీరోయిన్ కావాలనే అందరిలా వచ్చారు. 1950లో ఎల్.వి.ప్రసాద్ "సంసారం"లో గయ్యాళి వేషం వేశారు. అది ఎంత పండిందంటే, ఆ తర్వాత నాలుగు దశాబ్దాలపాటు నిర్మాతలు ఆవిడ ఇంటికి ఆ వేషమే పట్టుకొచ్చారు. ఎడమచెయ్యి తిప్పుతూ, మూతి విరుస్తూ ఆవిడ ఒక్క మాట విసిరితే, హాల్లో ఆడవాళ్ళు నిజంగానే శాపనార్థాలు పెట్టేవారు.

1962లో విజయా వారు "గుండమ్మకథ" తీశారు. శరత్ రచనలు తెలుగు చేసిన చక్రపాణి, నాగిరెడ్డి నిర్మాతలు. అందులో రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్.వి.రంగారావు... హేమాహేమీలు! ఇంతమంది ఉన్నా సినిమాకి పేరు పెట్టింది సూర్యకాంతం పాత్ర మీద. ఇద్దరు అగ్రహీరోలున్న చిత్రానికి ఓ గయ్యాళి పాత్ర పేరు పెట్టడమంటే, అంతకంటే ఏ నటికైనా ఏ బిరుదు కావాలి?

ఆ సినిమా చివరి భాగం గుర్తు తెచ్చుకోండి. ఛాయాదేవి వేసిన దుర్గ చేతుల్లో గుండమ్మే నానా అగచాట్లూ పడుతుంది. అప్పుడు ఆదుకునేది, తాను ఇన్నాళ్ళూ పనిమనిషిలా చూసిన సవతి కూతురు లక్ష్మి. గుండమ్మ కళ్ళు తెరుచుకుంటాయి. ఆవిడ కుమిలిపోతుంటే, అంతసేపూ ఆవిడను తిట్టుకున్న మనమే అయ్యో అనుకుంటాం. నవ్వించి, తిట్టించుకుని, చివరికి కంటతడి పెట్టించడం ఆషామాషీ వ్యవహారం కాదు. "మాయాబజార్"లో హిడింబి కూడా ఆవిడే కదా! కొడుకు ఘటోత్కచుణ్ణి చూసి మురిసిపోయే ఆ తల్లిలో గయ్యాళితనం ఎక్కడుంది?

ఇక సెట్లో సూర్యకాంతం గారి సంగతి చిత్రసీమలో కథలు కథలుగా చెప్పుకుంటారు. ఇంటినుంచి పులిహోర, పిండివంటలు క్యారియర్ల కొద్దీ తెచ్చి, పెద్ద హీరోనుంచి లైట్‌బాయ్ దాకా కూర్చోబెట్టి పెట్టేవారట. ఓసారి హిందీ చిత్రంలో మంచి వేషం వచ్చింది. తీరా అది వేరొక నటిని తీసేసి తనకిస్తున్నదని తెలిసి, ఇంకొకరి కడుపు కొట్టి నాకీ వేషం వద్దని వచ్చేశారనీ చెప్పుకుంటారు. తెరమీద అందరి కడుపూ మాడ్చిన అత్తగారు, తెర వెనక అందరి కడుపూ నింపారన్నమాట!

1994లో ఆవిడ కన్నుమూశారు. 2024కి నూరేళ్ళు నిండాయి. మరి ఆవిడ మనకిచ్చినదానికి బదులుగా మనమేమిచ్చాం? ఆడపిల్లకి సూర్యకాంతం అని పేరు పెట్టడానికే జనం జంకే రోజులొచ్చాయని చిత్రసీమలో పెద్దలు నవ్వుతూ అనేవారు. నవ్వుతూనే అన్నా, అందులో చురుకు ఉంది. నటన ఎంత గొప్పగా ఉంటే పేరు అంతగా పాడైంది! దేవదాసు తప్పు చేసినా ఆ పేరుకి జాలి దక్కింది. మధురవాణి మంచి చేసినా ఆ పేరుకి ఏమీ దక్కలేదు. సూర్యకాంతం తప్పేమీ చేయకుండానే ఆ పేరుకి తిట్టు దక్కింది. ఇదీ మన మాటల పంపకం!

2019లో నిహారిక కథానాయికగా "సూర్యకాంతం" అనే పేరుతోనే ఓ సినిమా వచ్చింది. అందులో ఆ పేరు ఓ కుర్రపిల్లది. ఆ పోస్టరు చూసినప్పుడు చాలామంది పెద్దవాళ్ళ ముఖాల్లో నవ్వు విరిసింది. పేరు ఇంటికి తిరిగొస్తున్నట్టు అనిపించింది.

పేర్లు పెట్టడం మానేయమని చెప్పడానికి నేనెవణ్ణి? క్యాంటీనులో గిరీశాలూ, శకునులూ లేకపోతే కాఫీకి రుచేముంది! పిలవండి, నవ్వుకోండి. కానీ ఒక పేరు ఎవరికైనా తగిలించేటప్పుడు ఆ పేరులో మిగిలిన సగం కూడా ఒక్కసారి తల్చుకోండి. ఆ ఉత్తరకుమారుడు నిలబడి చచ్చిన రోజుని, ఆ కట్టప్ప కన్నీళ్ళని. పిలిపించుకున్నవాడిలో కూడా మీరు చూడని సగం ఉంటుంది.

అన్నట్టు, సూర్యకాంతం అంటే అర్థం తెలుసా? అదొక మణి. సూర్యకాంత శిల అని కావ్యాలలో చెబుతారు. దానంతటది చల్లగానే ఉంటుందట. ఎండ తగిలినప్పుడు మాత్రం నిప్పులు కక్కుతుందట. స్టూడియోలో లైట్లు వెలిగినంతసేపూ నిప్పులు కక్కి, లైట్లు ఆర్పగానే క్యారియరు విప్పి "తిన్నావా నాయనా?" అని అడిగే ఆ తల్లికి ఇంతకన్నా తగిన పేరు ఉంటుందా?

ఈసారి మీ వాళ్ళెవరైనా "మా అత్త సూర్యకాంతం" అంటే, వెంటనే అడగండి.

"అవునా? అయితే భోజనానికి ఎప్పుడు రమ్మంటావు?"